ఒకే పేరు, రెండు ఇళ్లు

2022 డిసెంబర్ 26, సోమవారం. మీరొక లినక్స్ మెషిన్ ముందు కూర్చుని ఉన్నారు. క్రిస్మస్ వారం కావడంతో టీమ్ చాట్‌లో అలికిడి లేదు. డీప్ లెర్నింగ్ లైబ్రరీ పైటార్చ్ 2.0 రాబోతోందని ఈ నెల మొదట్లోనే ప్రకటన వచ్చింది. ఉన్న మోడల్‌కి కంపైల్ అనే ఒక్క లైను తగిలిస్తే వేగం పెరుగుతుందట. స్టేబుల్ విడుదల మార్చిలో గానీ రాదు. అంతదాకా ఆగడం మీ వల్ల కావడం లేదు. ఆగాల్సిన అవసరమూ లేదు. రోజూ తయారయ్యే నైట్లీ బిల్డ్‌లో ఆ సదుపాయం ఇప్పటికే ఉంది.

పైటార్చ్ సైట్‌లో ఇచ్చిన కమాండ్ కాపీ చేసి టెర్మినల్‌లో పేస్ట్ చేస్తారు. పిప్ ఇన్‌స్టాల్ టార్చ్. చివర్లో ఎక్స్‌ట్రా ఇండెక్స్ యూఆర్ఎల్ అన్న ఆప్షన్, దాని పక్కన పైటార్చ్ వాళ్లు సొంతంగా నడిపే డౌన్‌లోడ్ సర్వర్ చిరునామా. ఎంటర్ నొక్కుతారు. పేర్లు ఒకదాని కింద ఒకటి దిగుతుంటాయి. టార్చ్ చాలా పెద్దది, నింపాదిగా వస్తుంది. దాని వెనకే టార్చ్‌ట్రైటన్ అన్న పేరు కనిపించి, కాసేపట్లో పైకి జరిగిపోతుంది. ఇన్‌స్టాల్ పూర్తయిందన్న మాట వస్తుంది. ఎర్ర అక్షరం ఒక్కటి లేదు, హెచ్చరిక ఒక్కటి లేదు.

ఆ టార్చ్‌ట్రైటన్ దగ్గరికి వెనక్కి వెళ్దాం. మీరు దాన్ని అడగలేదు. టార్చ్ అడిగింది. గ్రాఫిక్స్ కార్డు మీద వేగంగా నడిచే కోడ్ పుట్టించడానికి దానికి ట్రైటన్ కావాలి. పైటార్చ్ బృందం ఆ ట్రైటన్‌ని తమకు కావలసిన రీతిలో బిల్డ్ చేసి, టార్చ్‌ట్రైటన్ అని పేరుపెట్టి, తమ సొంత సర్వర్‌లో ఉంచింది. పైథాన్ లోకమంతా వాడుకునే పబ్లిక్ భాండాగారం పైపీఐలో మాత్రం ఆ పేరు ఎవరూ తీసుకోకుండా పడి ఉంది. పైపీఐలో ఖాళీగా ఉన్న పేరును ఎవరైనా తీసుకోవచ్చు. ఎవరు ముందు అప్‌లోడ్ చేస్తే పేరు వాళ్లది.

నిన్న, అంటే డిసెంబర్ 25న, ఎవరో ఆ పేరు తీసుకున్నారు.

మీరిచ్చిన ఆప్షన్‌కి పిప్ చెప్పుకునే అర్థం వేరు. పైటార్చ్ వస్తువులు పైటార్చ్ సర్వర్ నుంచి, మిగతావి పైపీఐ నుంచి తెస్తుందని మీరనుకున్నారు. పిప్‌కి అలాంటి ముందూ వెనకా తెలియదు. అది రెండు చోట్లకీ వెళ్లి, ఈ పేరుతో ఏముందని అడిగి, దొరికినవన్నీ ఒకే కుప్పలో పోసి, అందులోంచి మెరుగైనదని తనకు తోచింది ఏరుకుంటుంది. మెరుగైనదంటే మామూలుగా పెద్ద వెర్షన్ నంబర్ ఉన్నది. ఎక్స్‌ట్రా అంటే ఇంకొక చోటు అని మాత్రమే. ఫలానా వస్తువు కోసం అక్కడికే వెళ్లమని దాని అర్థం కాదు.

ఇప్పుడు మీరు మీ మోడల్ తెరిచి ఆ కంపైల్ లైను రాసి రన్ చేస్తారు. ట్రైటన్ ఇంపోర్ట్ అవుతుంది. పైపీఐ నుంచి దిగిన ఆ నకిలీ టార్చ్‌ట్రైటన్ లోపల దాక్కున్న బైనరీ అప్పుడు లేస్తుంది. ముందు మీ మెషిన్ పేరు, యూజర్ పేరు, మీరున్న డైరెక్టరీ, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అన్నీ రాసుకుంటుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటే చాలామంది మెషిన్లలో క్లౌడ్ తాళాలే. ఆ తర్వాత హోస్ట్స్ ఫైలు, పాస్‌వర్డ్ ఫైలు, మీ గిట్ కాన్ఫిగ్ చదువుతుంది. ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో మీరు సర్వర్లలోకి వెళ్లడానికి వాడే ప్రైవేట్ కీ ఉందే, దాన్నీ చదువుతుంది. అక్కడితో ఆగదు. హోమ్ డైరెక్టరీలో మొదటి 1000 ఫైళ్లు, ఒక్కొక్కటి 99,999 బైట్లకు లోపు ఉంటే చాలు, తీసుకుంటుంది.

ఇదంతా బయటికి పంపడానికి అది ఏ వెబ్‌సైట్‌కీ అప్‌లోడ్ చేయదు. అలా చేస్తే ఫైర్‌వాల్‌కి దొరుకుతుంది. సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి, ముక్కలు చేసి, ఆ ముక్కల్ని డొమైన్ పేర్లుగా మార్చి, ఈ డొమైన్ ఎక్కడుందని డీఎన్ఎస్‌ని అడుగుతున్నట్టు నటిస్తుంది. ప్రశ్నే ఉత్తరం. ఎంత కట్టుదిట్టమైన ఆఫీసు నెట్‌వర్క్ అయినా డీఎన్ఎస్‌ని మాత్రం సాధారణంగా వదిలేస్తుంది, అది లేకపోతే ఏ పేజీ తెరుచుకోదు కాబట్టి.

డిసెంబర్ 30 శుక్రవారం, గ్రీనిచ్ కాలమానం ప్రకారం సాయంత్రం 4:40, మన గడియారంలో రాత్రి 10:10 ప్రాంతంలో పైటార్చ్ బృందానికి విషయం తెలిసింది. వెంటనే పనిలో దిగారు. టార్చ్‌ట్రైటన్ మీద ఆధారపడిన నైట్లీ ప్యాకేజీలు తీసేశారు. డిపెండెన్సీ పేరు పైటార్చ్ ట్రైటన్‌గా మార్చారు. పైపీఐలో ఆ కొత్త పేరుతో ఒక డమ్మీ ప్యాకేజీ పెట్టి, ఇంకెవరూ తీసుకోకుండా చేశారు. డిసెంబర్ 25 నుంచి 30 దాకా లినక్స్‌లో పిప్ ద్వారా నైట్లీ ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లంతా వెంటనే టార్చ్‌నూ టార్చ్‌ట్రైటన్‌నూ తొలగించి, పిప్ క్యాష్ కూడా ఖాళీ చేయమని ప్రకటించారు. స్టేబుల్ వెర్షన్ వాడేవాళ్లకు ఏమీ కాలేదు. ఆ నకిలీ ప్యాకేజీ పెట్టినవాడు తర్వాత బయటికొచ్చి, ఇది భద్రతా పరిశోధనే, తెచ్చుకున్న డేటా తుడిచేశానని చెప్పుకున్నాడు. ఎవరి ప్రైవేట్ కీ అయినా ఒకసారి గడప దాటాక ఆ మాటను నమ్మి ఊరుకోవడం కుదరదు. కీలన్నీ మార్చుకోవలసిందే.

పైటార్చ్ బృందంలో అసమర్థులెవరూ లేరు. డీప్ లెర్నింగ్ చేసేవాళ్లలో ఎంతోమంది నిలబడింది వాళ్ల కోడ్ మీదే. అందుకే ఈ ఘటన నన్ను అంతగా కదిలించింది. పైగా ఈ దారి అప్పటికే అందరికీ తెలిసిన దారి. దాదాపు రెండేళ్ల ముందే ఒకతను దీన్ని పటం గీసినట్టు చూపించాడు.

అతని గదిలోకి వెళ్దాం. 2020 వేసవి. రొమేనియాకు చెందిన భద్రతా పరిశోధకుడు అలెక్స్ బిర్సన్, తన మిత్రుడు జస్టిన్ గార్డ్‌నర్‌తో కలిసి పేపాల్‌లో లోపాలు వెతుకుతున్నాడు. వెతకడానికి అనుమతి ఉంది, దొరికితే బహుమతి కూడా ఉంది. గార్డ్‌నర్ గిట్‌హబ్‌లో దొరికిన ఒక ఆసక్తికరమైన కోడ్‌ని పంపుతాడు. పేపాల్ లోపల వాడుకునే నోడ్ ప్రాజెక్టుదని తెలుస్తోంది. అందులో ప్యాకేజ్ డాట్ జేసన్ ఫైలు ఉంది. మీరూ అతని భుజం మీదుగా చూడండి. డిపెండెన్సీల జాబితా. కొన్ని పేర్లు అందరికీ తెలిసినవి, జావాస్క్రిప్ట్ ప్యాకేజీల పబ్లిక్ భాండాగారం ఎన్‌పీఎంలో ఉన్నవి. కొన్ని పేర్లు అక్కడ వెతికితే లేవు. అంటే అవి పేపాల్ లోపలి సర్వర్‌లో మాత్రమే ఉన్న సొంత ప్యాకేజీలు.

ఇద్దరి మధ్య ఉన్న ప్రశ్న చాలా చిన్నది. ఆ లేని పేర్లతో మనమే పబ్లిక్ ఎన్‌పీఎంలో ప్యాకేజీలు పెడితే ఏమవుతుంది?

బిర్సన్ పెట్టాడు. ఎన్‌పీఎం ప్యాకేజీకి ఇన్‌స్టాల్ అవుతున్నప్పుడే కోడ్ నడిపే వీలుంది కాబట్టి, ఆ కోడ్‌తో యూజర్ పేరు, మెషిన్ పేరు, ఫోల్డర్ దారి మాత్రం సేకరించి తనకు పంపేలా చేశాడు. డీఎన్ఎస్ ప్రశ్నల రూపంలోనే. ఆ తర్వాత కూర్చుని చూశాడు. కబుర్లు రావడం మొదలైంది. మిగతా కంపెనీల లోపలి పేర్లెక్కడ దొరుకుతాయని లక్షల డొమైన్లు వెతికాడు. బహిరంగంగా ఉన్న జావాస్క్రిప్ట్ ఫైళ్లలోనే బోలెడు పేర్లు దొరికాయి. బిల్డ్ చేసేటప్పుడు ప్యాకేజ్ డాట్ జేసన్ వాటిలో కలిసిపోయి బయటికొచ్చేస్తోంది. లోపలి పేరు లోపలే ఉంటుందన్న నమ్మకం అక్కడే వీగిపోయింది.

షాపిఫై క్లౌడ్ అన్న పేరుతో పెట్టిన రూబీ ప్యాకేజీని షాపిఫై కంపెనీ బిల్డ్ వ్యవస్థ కొద్ది గంటల్లోనే తెచ్చుకుని నడిపేసింది. యాపిల్ నెట్‌వర్క్ లోపలి మెషిన్ల నుంచి జవాబులొచ్చాయి. మొత్తం 35కి పైగా సంస్థలు, మూడు ప్రోగ్రామింగ్ భాషలు. షాపిఫై, యాపిల్, పేపాల్ ఒక్కొక్కటి 30,000 డాలర్లు బహుమతి ఇచ్చాయి. మైక్రోసాఫ్ట్ 40,000 ఇచ్చింది. 2021 ఫిబ్రవరి 9న అతను ఈ కథంతా రాసి ప్రచురించాడు. ఈ దాడి పద్ధతికి డిపెండెన్సీ కన్‌ఫ్యూజన్ అన్న పేరు స్థిరపడింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ప్రైవేట్ రిపోజిటరీ పెట్టుకోవడం వల్ల ఈ ప్రమాదం రాలేదు. సొంత కోడ్ సొంత చోటే ఉండాలి, అందులో సందేహం లేదు. పబ్లిక్ ప్యాకేజీలకు కూడా మన సర్వర్‌లో ఒక నకలు ఉండటం మంచిది. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అన్న 11 లైన్ల ప్యాకేజీని రచయిత ఎన్‌పీఎం నుంచి తీసేస్తే లోకమంతా బిల్డ్‌లు కూలాయి. నకలు ఉంచుకున్నవాళ్ల పని నడిచింది. ప్రమాదం వచ్చింది ప్రైవేట్‌నూ పబ్లిక్‌నూ పక్కపక్కన పెట్టి, ఏ పేరు ఎక్కణ్నించి రావాలో చెప్పకుండా వదిలేయడం వల్ల. నేను చెప్పదలచింది ఇదొక్కటే. మిగతాదంతా ఆ చెప్పడం ఎలాగో చూపడమే.

అందుకని ఇప్పుడు హైదరాబాద్ రండి. ఒక ఆఫీసు, ఒక ఉదయం. టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు, ఏళ్లుగా బిల్డ్‌లు చూసుకుంటున్న ఒక సీనియర్. మీరు వాళ్ల కుర్చీల వెనక నిలబడ్డారు.

"అక్కా, నా ల్యాప్‌టాప్‌లో నడుస్తోంది. పైప్‌లైన్‌లోనే పోతోంది."

"లాగ్‌లో ఏముంది?"

"యూజర్‌నేమ్ చదవలేకపోయిందట. టెర్మినల్ ప్రాంప్ట్స్ డిసేబుల్డ్ అంటోంది."

ఆమెకు అంతకంటే చూడక్కర్లేదు. గో భాషలో పనిచేసేవాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు ఈ లైను చూసినవాళ్లే. "నీ ల్యాప్‌టాప్‌లో గిట్‌కి నువ్వెవరో తెలుసు. బిల్డ్ మెషిన్‌కి తెలీదు. అడుగుదామంటే అక్కడ కూర్చుని కొట్టే మనిషి లేడు."

"అయితే నా టోకెన్ పెట్టేయనా?"

"వద్దు. నువ్వు చూడగలిగే ప్రతి రిపో ఆ మెషిన్ కూడా చూస్తుంది. రేపు నువ్వు వేరే టీమ్‌కి పోతే బిల్డ్ ఆగిపోతుంది. చదవడానికి మాత్రమే పనికొచ్చే కీ, ఆ ఒక్క రిపోకి, మెషిన్ పేరు మీద తీసుకో. డాకర్ ఫైల్‌లో మాత్రం రాయకు. తర్వాతి లైన్లో చెరిపేసినా ముందు లేయర్‌లో అలాగే ఉండిపోతుంది. సీక్రెట్ మౌంట్‌గా ఇవ్వు."

కీ వస్తుంది. బిల్డ్ నడుస్తుంది. ఆమె మాత్రం లాగ్ ఇంకా చూస్తూనే ఉంటుంది. అందులో గూగుల్ నడిపే పబ్లిక్ ప్రాక్సీ చిరునామా కనిపించింది. 2019లో వచ్చిన గో 1.13 నుంచి ఏ మాడ్యూల్ కావాలన్నా గో ముందు ఆ ప్రాక్సీనే అడుగుతుంది, సరిపోలిందో లేదో పబ్లిక్ చెక్‌సమ్ డేటాబేస్‌లో చూసుకుంటుంది. మన ప్రైవేట్ మాడ్యూల్ అక్కడ దొరకదు. కానీ దాని పూర్తి పేరు మనమే మోసుకెళ్లి బయటి సర్వర్‌కి చెప్పినట్టయింది. గోప్రైవేట్ అన్న వేరియబుల్‌లో సంస్థ రిపోల చిరునామా రాయిస్తుంది. ఇకపై ఆ పేర్లు ప్రాక్సీ వైపు వెళ్లవు, నేరుగా మన గిట్ సర్వర్‌కే వెళతాయి.

తర్వాత జావాస్క్రిప్ట్. కుర్రాడు ప్రైవేట్ రిజిస్ట్రీ నుంచి ఒక ప్యాకేజీ తేబోతే 404 వచ్చింది.

"అక్కా, ఇది డిలీట్ చేసేశారా?"

"ఉంది. నీకు అనుమతి లేదు, అంతే."

అనుమతి లేదన్నా అక్కడేదో ఉందని ఒప్పుకున్నట్టే. అందుకే గిట్‌హబ్ లాంటి చోట్ల, ప్రైవేట్‌గా ఉన్నదాన్ని అనుమతి లేనివాళ్లు అడిగితే అసలు లేదనే జవాబిస్తారు. ఈ సంగతి తెలియక, పోయిందనుకున్న వస్తువు కోసం గంటలు వెతికేవాళ్లున్నారు. ముందు చూడాల్సింది టోకెన్.

టోకెన్ సరిచేశాక ఆమె వేలు ప్యాకేజీ పేరు మీదికి వెళుతుంది. బిల్లింగ్ యుటిల్స్ అని ఊరికే ఉంది. దానికి ముందు సంస్థ పేరుతో స్కోప్ పెట్టమంటుంది. మనకు కొత్తేమీ కాదు. ఊళ్లో శ్రీనివాస్‌లు పదిమంది ఉన్నా, ఇంటిపేరు ముందు పెట్టి పిలిస్తే ఏ ఇంటి శ్రీనివాసో ఎవరూ పొరబడరు. ఎన్‌పీఎం స్కోప్ అచ్చంగా ఆ పనే చేస్తుంది. ఆ స్కోప్ ఉన్నవన్నీ మన రిజిస్ట్రీ నుంచే తేవాలని ఎన్‌పీఎంఆర్‌సీ ఫైల్లో ఒక్క లైను రాస్తే చాలు. పబ్లిక్ ఎన్‌పీఎంలో కూడా ఆ స్కోప్‌ని సంస్థే తీసుకుని పెట్టుకోవాలి. అప్పుడు బయటివాళ్లు ఆ ఇంటిపేరుతో ఏదీ ప్రచురించలేరు.

"మనకి నెక్సస్ ఉంది కదా అక్కా. అంతా దాని గుండానే వస్తోంది. ఇంకా భయమెందుకు?"

ఇదే అడుగుతారు చాలామంది. నెక్సస్, ఆర్టిఫాక్టరీ లాంటి ప్యాకేజీ సర్వర్లలో మన సొంత భాండాగారాన్నీ పబ్లిక్ నకలునీ కలిపి ఒకే చిరునామా వెనక పెట్టొచ్చు. వాడేవాళ్లకు సుఖం. కానీ తలుపు ఒకటైనా వెనక గదులు రెండే. రెండింట్లోనూ ఒకే పేరుంటే ఏది ఇవ్వాలన్న ప్రశ్న సర్వర్ లోపలికి జరిగిందంతే, పోలేదు. బిర్సన్ తన రాతలో ఈ ఏర్పాటు గురించి ప్రత్యేకంగా హెచ్చరించాడు. మన స్కోప్‌తో, మన ముందుపేరుతో ఉన్న ఏ అభ్యర్థనా పబ్లిక్ నకలు వైపు వెళ్లకుండా సర్వర్‌లోనే నియమం రాయాలి. ఆమె స్క్రీన్ తిప్పి ఆ నియమం చూపిస్తుంది. ముందే ఉంది. ఎప్పుడు రాశావని కుర్రాడు అడిగితే, "ఆ వ్యాసం చదివిన వారంలో," అంటుంది.

కొన్ని సాధనాలు ఈ భారాన్ని తామే మోస్తాయి. పీహెచ్‌పీ వాళ్ల కంపోజర్ 2020 అక్టోబర్‌లో వచ్చిన రెండో వెర్షన్ నుంచి, జాబితాలో ముందున్న రిపోజిటరీలో పేరు దొరికితే అక్కడితో ఆగుతుంది. కిందివాటిలో ఎంత పెద్ద నంబర్ ఉన్నా చూడదు. పైథాన్‌కి తర్వాత వచ్చిన యూవీ కూడా డిఫాల్ట్‌గా మొదట పేరు దొరికిన ఇండెక్స్‌నే నమ్ముతుంది. డాట్‌నెట్ వాళ్ల నూగెట్‌లో ఏ పేరు ఏ చోటి నుంచి రావాలో పట్టిక రాసుకోవచ్చు. నాకు ఇవే సరైన పద్ధతులనిపిస్తాయి. జాగ్రత్తంతా కమాండ్ కొట్టే మనిషి మీద పెట్టడం న్యాయం కాదు. సెలవు రోజు సైట్‌లో ఇచ్చిన కమాండ్ యథాతథంగా పేస్ట్ చేసినవాడు ఏ తప్పూ చేయలేదు.

మధ్యాహ్నం దాటింది. కుర్రాడి మార్పులు రివ్యూకి వచ్చాయి. కోడ్‌లో పది లైన్లు మారితే లాక్ ఫైల్లో వందలు మారాయి. సాధారణంగా ఎవరూ తెరవని ఫైలది. ఆమె తెరుస్తుంది. ప్రతి ప్యాకేజీ పక్కన అది ఏ చిరునామా నుంచి వచ్చిందో, దాని హ్యాష్ ఎంతో రాసి ఉంటుంది. ఆమె కళ్లు చిరునామాల వెంటే పరుగెడతాయి. మన స్కోప్ ఉన్న పేరు పక్కన పబ్లిక్ చిరునామా కనిపిస్తే అక్కడే ఆపేయాలి. కనిపించలేదు. పైప్‌లైన్‌లో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ అని ఉన్నచోట ఎన్‌పీఎం సీఐ అని మారుస్తుంది. ఇక లాక్ ఫైల్‌కీ ప్యాకేజ్ డాట్ జేసన్ జాబితాకీ తేడా వస్తే బిల్డ్ సర్దుకుపోదు, ఆగిపోతుంది. గిట్ నుంచి నేరుగా తెచ్చుకునే ఒక డిపెండెన్సీకి ట్యాగ్ పేరు రాసి ఉంటే, దాన్ని పూర్తి కమిట్ హ్యాష్‌గా మార్పిస్తుంది. ట్యాగ్‌ని రేపు ఎవరైనా ఇంకో కమిట్ మీదికి జరపొచ్చు.

"ఇప్పుడు అసలు పరీక్ష," అంటుంది. బిల్డ్ మెషిన్ నెట్‌వర్క్ సెట్టింగ్స్ తెరుస్తుంది. బయటి ఇంటర్నెట్ మొత్తం మూసి, మన ప్యాకేజీ సర్వర్‌కీ గిట్ సర్వర్‌కీ మాత్రమే దారి ఉంచుతుంది. క్యాష్ ఖాళీ చేసి బిల్డ్ మొదలుపెడుతుంది.

గో భాగం పచ్చగా వచ్చింది. జావాస్క్రిప్ట్ పచ్చగా వచ్చింది. పైథాన్‌తో రాసిన పాత రిపోర్టుల స్క్రిప్టు దగ్గర ఎర్రబడింది. కనెక్షన్ తిరస్కరణ. లాగ్‌లో పైపీఐ చిరునామా. ఎవరో ఎప్పుడో ఆ ప్రాజెక్టు లోపల విడిగా ఒక పిప్ కాన్ఫిగ్ పెట్టి వదిలేశారు. అందులో ఎక్స్‌ట్రా ఇండెక్స్ లైను ఉంది. వెతుకుతున్న ప్యాకేజీ పేరు చూసి కుర్రాడు ముందుకు వంగుతాడు.

"అక్కా, ఇది మనదే కదా?"

"మనదే. ఇన్నాళ్లూ మన పేరుతో బయటికెళ్లి అడిగి వస్తోంది. పైపీఐలో ఆ పేరు ఎవరి దగ్గరుందో చూడు."

అతను తన ల్యాప్‌టాప్‌లో వెతుకుతాడు. ఎవరూ తీసుకోలేదు. పైథాన్ పేర్లకు స్కోప్ లేదు కాబట్టి ఇంటిపేరు తగిలించే వీలు లేదు. ఆమె ఎక్స్‌ట్రా ఇండెక్స్ లైను చెరిపేసి, ఇండెక్స్ యూఆర్ఎల్ ఒక్కటే ఉంచి, దానికి సంస్థ సర్వర్ చిరునామా ఇస్తుంది. రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో ప్రతి పేరు పక్కనా హ్యాష్ రాయించి, హ్యాష్ లేనిది ఏదీ ఎక్కకూడదన్న ఆప్షన్ పెడుతుంది. మళ్లీ బిల్డ్. ఈసారి పైథాన్ కూడా పచ్చగా వచ్చింది.

"నెట్ మళ్లీ తెరిచేయనా అక్కా?"

"తెరవొద్దు. ఈ మెషిన్‌కి ఇక ఇదే సెట్టింగ్. మిగతా ప్రాజెక్టుల్లో ఇలాంటి పిప్ కాన్ఫిగ్‌లు ఎన్నున్నాయో వెతికి సాయంత్రానికి లిస్టు పంపు."